మినీ కారు షష్టిపూర్తి

షష్టిపూర్తి మనుష్యులకు జరుపుట మన వాడుక. 2019 ఆగస్టు 26వ తేదీన ఇంగ్లండులో పుట్టిన ఒక కారునకు అరువదియేండ్లు నిండినవి. అదియే మినీ. ఆ దేశమున దానికి వేడుకలు జరుగుటకు కారణమేమి?

1956లో సూయజు సంక్షోభము వలన బ్రిటనులో పెట్రోలు కరవై, రేషను విధింపబడెను. తక్కువ చమురుతో నలుగురిని మోయగల చిన్నబండి కావలెనని బ్రిటిష్ మోటార్ కార్పొరేషను అధిపతి లెనర్డ్ లార్డ్ తలచెను. స్మిర్నాలో జన్మించిన అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరు ఆ పనికి పూనుకొనెను. ఆయన ఇంజనును అడ్డముగా నమర్చి, గేర్లపెట్టెను దాని క్రిందనే ఇమిడ్చి, పది అంగుళముల చక్రములు వేసెను. అందుచేత పదియడుగుల బండిలో అధికభాగము మనుష్యులకే దక్కెను. తరువాత వచ్చిన చిన్నకార్లు పెక్కు ఈ అడ్డపు టింజను పద్ధతినే అనుసరించినవి. 1964లో మాంటికార్లో పందెమున ఈ పొట్టిబండి పెద్దబండ్లను ఓడించెను.

2000 అక్టోబరులో ఉత్పత్తి నిలిచిపోవునప్పటికి 53 లక్షలకు పైగా పాతమినీలు వెలువడినవి. పేరు జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థకు దక్కినది. 2001లో ఆక్స్‌ఫర్డున కొత్త మినీ తయారగుట మొదలైనది. పాతమినీని కన్న లాంగ్‌బ్రిడ్జి కర్మాగారమో, 2005లో యజమాని దివాలా తీయగా మూతబడెను. సుమారు 6,000 మంది పనివారు జీవనాధారమును కోల్పోయిరి.

కొరతలోనుండి పుట్టిన బుద్ధిని మెచ్చుకొనుట యుక్తమే. కాని ఆ బుద్ధికి రూపమిచ్చిన చేతులను మఱచిన వేడుక అసంపూర్ణము. యంత్రచరిత్రను చదువు విద్యార్థి ఈ రెండింటిని కలిపియే చదువవలెను.