డిప్రెషన్ ఒకరికే, భారం ఇంటిల్లిపాదికీ: మందులు మీ దగ్గర్లోనే అడగండి

'ఎప్పుడు చూసినా పడుకునే ఉంటాడు, పనికి పొమ్మంటే కదలడు.' మీ ఇంట్లో ఒకరి గురించి నెలల తరబడి ఇదే మాట అనుకుంటున్నారా? అది బద్ధకం కాకపోవచ్చు. నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, 'నేనెందుకూ పనికిరాను' అనడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి.

ఇంటి మీద ఎలా పడుతుంది?

చర్ల, దుమ్ముగూడెం లాంటి ఏజెన్సీ మండలాల్లో కూలి మీద బతికే ఇంటి లెక్క చూడండి. మిర్చి కోతల సీజన్‌లో ఒకరు మంచం పడితే ఒక కూలి పోతుంది. ఆసుపత్రికి తోడు వెళ్తే రెండో కూలీ పోతుంది. భద్రాచలం నుంచి ఖమ్మం వంద కిలోమీటర్లకు పైనే. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఆసుపత్రి మూడు వందలు దాటుతుంది. అప్పు చేసి ఒకసారి వెళ్తారు, కాస్త కుదుటపడగానే ఆపేస్తారు. జబ్బు తిరగబెడుతుంది, అప్పు మిగులుతుంది.

మందులు ఎన్నాళ్లు?

గుణం కనిపించడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తగ్గాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడాలి. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

ప్రతిసారీ అంత దూరం వెళ్లాలా?

మందుల కోసమైతే అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటిని సామాజిక ఆరోగ్య కేంద్రం, ఆపై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో ఉచితంగా ఇవ్వాలి. భద్రాచలం ఏరియా ఆసుపత్రి కూడా ఇందులోకే వస్తుంది. పాత చీటీ తీసుకెళ్లి అడగండి. స్టాక్ లేదంటే సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. అది మీ హక్కు.

ఫోన్‌లో సాయం దొరుకుతుందా?

14416కు కాల్ చేయండి. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ ఇది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. రోగే చేయాలని లేదు, కుటుంబసభ్యులూ చేయొచ్చు.

'చచ్చిపోతా' అంటే?

బెదిరింపు అనుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు వెంటనే ఇంట్లోంచి తీసేయండి. ప్రాణాపాయం ఉంటే 108కి ఫోన్ చేయండి. కేసవుతుందని భయపడి ఆలస్యం చేయొద్దు. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి చికిత్స అందించాలని అదే చట్టం చెబుతోంది.