చీమకు మనిషి క్రియ

అరబ్బీ వ్యాకరణం బోధించేటప్పుడు ఏటా ఒకచోట మా విద్యార్థులు ఆగిపోతుంటారు. జంతువుల బహువచనానికి సాధారణంగా స్త్రీలింగ ఏకవచన క్రియ వాడాలని అప్పటికే నేర్పి ఉంటాము. తీరా నమ్ల్ సూరా 18వ ఆయతులో, సులైమాన్ (అలైహిస్సలాం) సైన్యాన్ని చూసి తోటి చీమలను ఇళ్లలోకి వెళ్లమని హెచ్చరించిన చీమ, మనుషులకు వాడే క్రియారూపాన్నే వాడుతుంది. ‘ఉస్తాద్, చీమలు మనుషులా?’ అని ఒక బాలుడు అడిగాడు. మాట్లాడే జీవిగా చూపినప్పుడు క్రియ కూడా అందుకు తగినట్లే ఉంటుందన్న వ్యాకర్తల సమాధానమే మేమూ చెప్పాము.

అరబ్బీలో అరుదైన ఈ మర్యాద స్వాహిలీలో నిత్యవ్యవహారం. తూర్పు ఆఫ్రికా తీరపు ముస్లిములు శతాబ్దాలుగా మాట్లాడుతున్న ఆ భాషకు, తీరాలు అనే అర్థమున్న ‘సవాహిల్’ అన్న అరబ్బీ పదం నుండి పేరు వచ్చింది. అయినా అది బంటూ కుటుంబపు భాషే. మనిషి వస్తున్నాడు అనడానికి ‘మ్తు అనకూజ’ అంటారు. చేప వస్తోంది అనడానికి ‘సమాకి అనకూజ’. క్రియ మారలేదు! మన తెలుగులో మనుషులు వస్తారు, చేపలు వస్తాయి. వారి భాషలో ఇద్దరూ ‘వస్తారు’. ‘సమాకి’ అన్న మాట అరబ్బీ నుండి వెళ్లినదే గాని, దాని క్రియకు ముందు చేరిన ‘అ’ మాత్రం ఆఫ్రికా నేల ఇచ్చినది. చెట్టుకు ఆ భాగ్యం లేదు, దాని ఉపసర్గ వేరు.

మరి వ్యాకరణం చేపను కాపాడుతుందా? కాపాడదు. జాంజిబార్‌కు చెందిన పెంబా దీవి పక్కన మిసాలి అనే చిన్న ద్వీపం ఉన్నది. ఖిద్ర్ (అలైహిస్సలాం) నమాజు చాప అడిగితే లేదన్నారనీ, మక్కా దిశకు తిరిగి ఉన్న ఆ ద్వీపాన్నే ఆయన తన ‘మ్సాల’గా, అంటే నమాజు చాపగా చేసుకున్నారనీ స్థానికులు చెప్పుకుంటారు. అలాంటి చోట, ఆ భాషే మాట్లాడే జాలరులు కొందరు డైనమైట్ పేల్చి చేపలు పట్టేవారు. పిల్ల చేపలు చచ్చేవి, పగడపు దిబ్బలు ముక్కలయ్యేవి. 1998లో ద్వీపాన్ని సంరక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ప్రకటనతోనే పని జరగలేదు. భూమిని మనిషి చేతికి అమానతుగా అప్పగించిన ఖుర్ఆన్ బోధను జాలరులకు వివరించే ప్రయత్నం ఆ తరువాత సాగింది. చట్టం చెప్పలేని మాటను వారికి తమ ఇమాముల నోట, తాము వల వేస్తూ మాట్లాడే నుడిలోనే వినే వీలు కలిగింది.

ఇది చదివినప్పుడు మాకు సిగ్గు కలిగింది. ప్రళయ ఘడియ వచ్చినా చేతిలోని మొక్కను నాటమన్న హదీసును మేము ఏళ్ల తరబడి ఉర్దూలోనే చెప్పాము. మా పిల్లలకు ‘దరఖ్త్’ తెలుసు. కాని తుమ్మ, కానుగ, రేగు, మోదుగ, వారికి తెలిసిన చెట్ల పేర్లన్నీ తెలుగువే. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడు సైతం చెట్టెక్కేది తెలుగులోనే కదా!

మొన్న అదే హదీసును తెలుగులో చెప్పాము. మూలంలో ఉన్నది ఖర్జూరపు పిలక అని కూడా వివరించాము. చీమల గురించి అడిగిన బాలుడే చేయి ఎత్తాడు. ‘ఉస్తాద్, మా గోడ పక్కన కానుగ మొలిచింది. అబ్బా రేపు పీకేస్తానంటున్నారు. నేను ఏమని చెప్పాలి?’