యంత్రశాల ముచ్చట్లు: ఎర్రగీత ఏ అంచున ఉన్నది?

ఆడలేక మద్దెల ఓడన్న సామెతను మనం పనివారి విషయంలో తరచుగా వాడుతుంటాం. పని చెడినపుడు పనిముట్టును నిందించేవాని మాటను ఎవరూ నమ్మరు. కాని ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓటిదై ఉంటుంది. మరొకప్పుడు మద్దెలా మంచిదే, ఆడేవారూ మంచివారే; శ్రుతి మార్చినవారు ఆ సంగతి చెప్పి ఉండరు. ఈ మూడవ రకపు అనుభవం కొంతకాలం క్రితం మాకు ఎదురయింది. అందులో మా తప్పే ఎక్కువ కనుక, దాచక ఈ నెల ముచ్చటగా పాఠక సోదరీసోదరుల ముందుంచుతున్నాం.

మన పాటర్న్ షాపులో కర్రను అడ్డంగా కోయడానికి వాడే మైటర్ సా యంత్రాన్ని చాలామంది చూచే ఉంటారు. కర్రను వెనుకనున్న ఫెన్సుకు ఆనించి, గిర్రున తిరిగే గుండ్రని రంపాన్ని పిడి పట్టుకొని దించితే కోత పడుతుంది. రంపం ఎక్కడ దిగుతుందో ముందే చూపడానికి యంత్రపు తలలో చిన్న లేజరు ఒకటి అమర్చబడి ఉన్నది. లేజరు మాకంటె సుమారు పదేండ్లు పెద్దది. 1960లో థియోడర్ మైమన్ కెంపు కడ్డీతో తొలి లేజరును వెలిగించగా, 1962లో అర్ధవాహక లేజరు వచ్చింది. నేడు పనిముట్లలో వెలుగుతున్నది ఆ రెండవదాని సంతతియే. చిన్న డయోడు నుండి వెలువడే కాంతిని ఒక కటకం సన్నని పుంజంగా కూరుస్తుంది. దాని ముందున్న స్తూపాకార కటకం ఆ పుంజాన్ని విసనకర్రవలె ఒకే తలంలో విప్పుతుంది. ఆ విసనకర్ర కర్రను తాకినచోట మనకు ఎర్రగీత కనబడుతుంది.

ఒకనాడు పాటర్న్ షాపు నుండి నాలుగు టేకు ముక్కలు తిరస్కరణ చీటీతో మా బల్లపైకి వచ్చాయి. నాలుగూ కావలసిన పొడవుకంటె 2.6 మిల్లీమీటర్లు తక్కువ. ఇంతమాత్రానికేనా అని ఇంటిలోనివారు అనుకోవచ్చు. పోత ఇనుము చల్లారేటపుడు మీటరుకు సుమారు 10 మిల్లీమీటర్ల మేర కుంచించుకుపోతుంది. ఆ మేరకు నమూనాను లెక్కగా పెంచి చేసే షాపులో 2.6 మిల్లీమీటర్లు చిన్న తప్పు కాదు. కోసినవారు ముప్పది ఏండ్లకు పైగా అనుభవమున్న మేస్త్రీగారు. పదవీ విరమణకు ఇంకా రెండు నెలలున్నది. అజాగ్రత్తకు సంజాయిషీ కోరుతూ మేము మెమో వ్రాశాం.

ఆయన కాగితం పుచ్చుకొని, “గీత మీద పెట్టే కోశాను సార్. ఎప్పుడూ కోసినట్టే కోశాను,” అన్నారు. మేము మనసులో సామెత చదువుకొని ఊరుకున్నాం.

మరునాడు ఆ గీత కూడా ఆరిపోయింది. మేస్త్రీగారు మూలమట్టం పెట్టి, పెన్సిలుతో గీత గీచి, రంపపు పంటిని చేతితో ఆ గీతకు ఆనించి చూచుకొని మరి నాలుగు ముక్కలు కోశారు. నాలుగూ కొలతకు సరిగ్గా వచ్చాయి. ఎర్రగీత వెలిగిననాడు తప్పు, ఆరిననాడు ఒప్పు! ఇది చేతి దోషం కాజాలదని అప్పటికిగాని మాకు తోచలేదు. వెంటనే యంత్రం దగ్గరకు వెళ్ళాం.

ముందు ఆరిన దీపం సంగతి. ప్లగ్గు పీకివేయించాం, లేజరు బ్యాటరీలతో పనిచేసేది కనుక యంత్రానికి కరెంటు లేకుండానే పరీక్షించవచ్చు. బ్యాటరీలు రెండూ కలిపి 3 వోల్టులు చూపుతున్నవి. పట్టీలకు చిలుము లేదు. కటకంపై పేరుకున్న పొట్టును మెత్తని బ్రష్షుతో తుడిచాం. అయినా వెలుగు లేదు. అంతలో మా సహాయకుడు యంత్రపు తలను పైకెత్తగా గీత ఒక్కసారి మెరిసింది. దించగా ఆరింది. జబ్బు ఎక్కడున్నదో ఆ ఒక్క మెరుపే చెప్పింది. బ్యాటరీల పెట్టె యంత్రపు అడుగున ఉన్నది, లేజరు తలలో ఉన్నది. మధ్యనున్న తీగ కీలు దగ్గర రోజుకు వందలసార్లు వంగి లేస్తుంది. బ్యాటరీలు తీసి, మల్టీమీటరుతో తీగ కొనలను పట్టి తలను దించి చూడగా అక్కడే తెగినట్లు తేలింది. పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగి మాత్రం విరిగింది. సన్నని పోగులు ఎక్కువగా ఉన్న మెత్తని తీగను వేసి, కీలు దగ్గర కొంచెం వదులుగా చుట్ట విడిచి టంకం వేయించాం. గీత వెలిగింది.

ఇక అసలు ప్రశ్న: గీత నిజం చెబుతున్నదా? పనికిరాని పలక నొకదానిని గట్టిగా బిగించి, రంపాన్ని సగం లోతు వరకే దించి, గాడి వేయించాం. రంపం పూర్తిగా ఆగిన తరువాత, పలకను కదపకుండా తలను ఎత్తి గీతను చూచాం. గీత గాడికి వంకరగా పడితే లేజరును దాని ఇరుసుపై కొద్దిగా త్రిప్పాలి. సమాంతరంగానే ఉండి ప్రక్కకు తొలగితే ప్రక్కమరను సవరించాలి. పలుచని పలకపై సరిగా ఉండి మందమైన దిమ్మెపై తప్పితే, కాంతి తలం రంపంతో పాటు నిలువుగా లేదని అర్థం. ఒక డిగ్రీ ఒరిగినా 50 మిల్లీమీటర్ల ఎత్తు తేడాకు గీత సుమారు 0.9 మిల్లీమీటర్లు జరుగుతుంది.

మా యంత్రంలో ఈ మూడు దోషాలలో ఒక్కటీ లేదు. గీత గాడి అంచున చక్కగా, నిటారుగా ఉన్నది. అయితే అది కుడి అంచు!

వెర్నియరుతో గాడి వెడల్పు కొలిచాం: 2.6 మిల్లీమీటర్లు. రంపం కోసేది గీతను కాదు. తన మందమంత చాలును తినివేస్తుంది. గీత ఆ చాలుకు ఎడమ అంచున ఉన్నంతకాలం, గీతకు ఎడమవైపునున్న ముక్క పూర్తిగా మిగులుతుంది. అదే గీత కుడి అంచుకు మారితే, రంపం ఆ మంచి ముక్కలోనే చాలు వేస్తుంది. మేస్త్రీగారు మొదటి ముక్కకు గీతను చూచి స్టాపు బిగించి, మిగిలిన మూడింటినీ ఆ స్టాపుకే ఆనించి కోశారు. నాలుగింటికీ ఒకే తగ్గుదల ఎందుకు వచ్చిందో తెలిసింది.

గీతను కుడికి మార్చినదెవరు? నిర్వహణ పుస్తకం తిరగవేశాం. అంతకు మూడువారాల ముందు లేజరును విప్పి, శుభ్రం చేసి, తిరిగి అమర్చినట్లు నమోదయి ఉన్నది: “లేజరు సరిచేయబడినది.” ఏ అంచుకు సరిచేసిందీ లేదు. పాటర్న్ షాపుకు చెప్పినట్లూ లేదు. క్రింద ఉన్న సంతకం మాదే. అమర్చిన కుర్రవాని పని తప్పు కాదు. కుడి అంచును ఎంచుకోవడమూ ఒక పద్ధతే. చెప్పకపోవడం తప్పు. అది చెప్పించవలసిన బాధ్యత మాది.

మెమో నోటిమాటతో రద్దయ్యేది కాదు. కాగితంపై పడినది కాగితంపైనే తొలగాలి. లేనిచో ముప్పదేండ్ల సర్వీసు పుస్తకంలో చివరి పుట మా చేతి మరకతో ముగిసేది. ఉపసంహరణ ఉత్తరువులో కారణం కూడా వ్రాసి, షాపు అందరి ఎదుట మేస్త్రీగారికి ఇచ్చి, పొరపాటు మాదని చెప్పాం. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకొని, “గీత ఇప్పుడు ఎడమకు పెట్టించారా సార్?” అని మాత్రం అడిగారు. పెట్టించామన్నాం. అయినా ఒక తుండుముక్క కోసి చూచుకొన్న తరువాతే పనిలో దిగారు. మేము ఆనాడు చేయవలసి ఉండి చేయని పని అదే.

ఇంటివద్ద ఇటువంటి పనిముట్లు వాడేవారికి రెండు మాటలు. ఇట్టి లేజరులు సాధారణంగా రెండవ తరగతికి చెందినవి. వాటి శక్తి 1 మిల్లీవాటుకు మించదు. పొరపాటున కంటపడితే రెప్పపాటే కాపాడుతుంది. పనిగట్టుకొని చూస్తూ ఉంటే ఆ రక్షణ ఉండదు. కనుక పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వరాదు, అంతకంటె శక్తిగలదానిని తెచ్చి దాని స్థానంలో బిగించరాదు. కటకాన్ని థిన్నరుతో తుడవరాదు; ప్లాస్టిక్ కటకమైతే మసకబారుతుంది. రంపం మార్చిన ప్రతిసారీ, లేజరును ముట్టుకొన్న ప్రతిసారీ తుండుముక్కపై గాడి వేసి చూచుకోవాలి. గీత ఏ అంచున ఉన్నదో యంత్రంపై చీటీ అంటించి వ్రాయాలి. ఇప్పుడు మన పాటర్న్ షాపులో ఆ చీటీ ఉన్నది, ప్రక్కనే తుండుముక్కల గంప కూడా ఉన్నది. చీటీ మేము పెట్టించినది. గంప మేస్త్రీగారు విరమణకు ముందు పెట్టి వెళ్ళినది.

వచ్చే సంచికలో డ్రిల్లింగ్ యంత్రం వణుకుడు గురించి ముచ్చటించుకొందాం.