సరుకు వచ్చిందా, బాబాయ్?

మా ఊరి మిలట్రీ బాబాయిని యాభై ఏళ్లుగా జనం అడిగిన ప్రశ్న ఒక్కటే: "క్యాంటీన్ సరుకు వచ్చిందా?" పెళ్లిళ్ల రోజుల్లో అయితే లేని వరసలు కూడా కలుపుతారు. అన్నయ్యా అంటారు, మావయ్యా అంటారు, రెండు సీసాలు ఇప్పించమంటారు. యుద్ధంలో ఏం చేశావని మాత్రం ఎవడూ అడగలేదు. నేనూ అడగలేదు. ముప్పై ఏళ్లు ఆయన అరుగు ముందే నిలబడి బస్సెక్కాను. ఈ రాతలో ఉన్న కోపంలో మొదటి వాటా నాకే చెందుతుంది.

ఆయన మద్రాస్ శాపర్. బెంగళూరులో శిక్షణ, 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో షకర్‌గఢ్ వైపు, బసంతర్ నది ఒడ్డున డ్యూటీ. శాపర్ అంటే ఏమిటో మనలో నూటికి తొంభై మందికి తెలియదు. ట్యాంకులు కదలాలంటే ముందు దారి కావాలి. ఆ దారి నిండా శత్రువు మందుపాతరలు పూడ్చి ఉంచుతాడు. రాత్రిపూట, పైన ఫిరంగి గుళ్లు పడుతుండగా, బోర్లా పడుకుని నేలను మెల్లగా గుచ్చుతూ, వేళ్లతో మట్టి తడుముతూ వాటిని ఏరాలి. డిసెంబరు 15 రాత్రి ఆ దారి పూర్తిగా తేలకముందే పూనా హార్స్ ట్యాంకులు దాటాల్సి వచ్చింది. మర్నాడు ఇరవై ఒక్కేళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ ఆ పోరులో నేలకొరిగాడు. పరమవీర చక్ర ఇచ్చారు, ఇవ్వాల్సిందే. ఆ దారి తెరవడానికి పాకినవాళ్లు 9వ ఇంజనీర్ రెజిమెంట్ వాళ్లు, మన దక్షిణాది కుర్రాళ్లు. వాళ్లతో పాతరలు ఏరించే పనిలోనే ప్రాణం విడిచిన మేజర్ విజయ్ రతన్ చౌదరికి మహావీర చక్ర వచ్చింది. ఈ పేరు మీ పిల్లవాడి పుస్తకంలో ఉందేమో ఒకసారి తిరగెయ్యండి.

మనకు సైనికుడు కావాలంటే శవపేటికలో రావాలి. అప్పుడు ఊరంతా కదులుతుంది. విమానాశ్రయానికి మంత్రులు పరిగెడతారు, ఫ్లెక్సీల్లో అమరుడి ముఖం కన్నా ఎమ్మెల్యే ముఖం పెద్దదవుతుంది. సూర్యాపేటలో కర్నల్ సంతోష్ బాబు విగ్రహం ముందు నేనూ చేతులు జోడిస్తాను. గాల్వాన్‌లో 2020 జూన్‌లో ఆయన చేసినదానికి ఎంత ఇచ్చినా తక్కువే. తప్పు ఆ దండలో లేదు. బతికి రావడాన్ని మనం నేరంలా చూడటంలో ఉంది. అదే కొండల్లో, అదే చలిలో నిలబడి ప్రాణంతో తిరిగొచ్చినవాడు మనకు ఏటీఎం ముందు తుపాకీ పట్టుకున్న సెక్యూరిటీ గార్డు. గేటు తీయడం ఆలస్యమైతే "ఏయ్" అంటాం.

ఇంకాస్త వెనక్కి వెళితే సిగ్గు ఇంకా పెరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి మన సైన్యం 25 లక్షలకు చేరింది. నిర్బంధ భర్తీ లేదు, అందరూ తమంతట తామే చేరారని పుస్తకాలు గొప్పగా చెబుతాయి. కడుపు తోసిన తోపును ఏమనాలో ఆ పుస్తకాలు చెప్పవు. సుమారు 87 వేల మంది తిరిగి రాలేదు. బర్మాలో, యాంగోన్ దగ్గర తౌక్యాన్ శ్మశానవాటికలో సమాధి కూడా దక్కని దాదాపు 27 వేల మంది పేర్లు, మనవాళ్లవీ కలిపి, రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. పరాయి నేల మీద ఆ మర్యాదైనా దక్కింది. మరి ఢిల్లీలో? ఇండియా గేటు అంతకుముందే 1931లో కట్టింది, దాని మీద వీళ్లు ఉండరు. పక్కనే 2019 ఫిబ్రవరి 25న తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం తర్వాతి వాళ్లది, అక్కడా ఉండరు. రెండింటి మధ్య సందులో ఒక తరం మొత్తం జారిపోయింది.

"వాళ్లు తెల్లవాడి కోసం పోరాడారు కదండీ" అని ఒక పెద్దమనిషి నాతో అన్నాడు. అయ్యా, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డప్పుడు పారిపోయిన జనం ఏ తెల్లవాళ్లు? ఇంఫాల్, కోహిమా దగ్గర 1944లో నిలబడ్డవాళ్లు ఎవరి గడప కాశారు? నేతాజీ వెంట నడిచిన ఫౌజులో చాలామంది కూడా అంతకుముందు ఈ సైన్యంలో వాళ్లే. చరిత్ర మన సౌకర్యం చూసుకుని నడవదు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలట్రీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు అక్కడి నుంచి సైన్యానికి వెళుతున్నారు. జనవరి 26 వస్తే పత్రికలకు ఆ ఊరు గుర్తొస్తుంది. 27న మరిచిపోతాయి. ఇక సినిమా సంగతా? రెండో ప్రపంచ యుద్ధంలో తెలుగు సిపాయిని తెర మీద చూడటానికి నేను 2015 దాకా, క్రిష్ తీసిన 'కంచె' దాకా ఆగాను.

ప్రభుత్వాల సంగతికి వద్దాం. మాజీ సైనికుడికి ఇచ్చిన భూమి పట్టాలో ఒక సర్వే నంబరు ఉంటుంది, పొలంలో ఇంకొకడి నాగలి ఉంటుంది. ఒకే హోదాలో, ఒకే కాలం పనిచేసినవాళ్లకు ఒకే పెన్షన్ ఇమ్మని అడగడానికి ముసలివాళ్లు 2015లో జంతర్ మంతర్ దగ్గర పతకాలు తగిలించుకుని నెలల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. ఉద్యోగంలో చేరినప్పుడు ఏ జబ్బూ లేనివాడికి తర్వాత వస్తే అది సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో తేల్చింది. ఆ తర్వాత కూడా అంగవైకల్య పెన్షన్ల మీద సర్కారు అప్పీళ్లకు వెళుతూనే ఉంది. కాళ్లు పోగొట్టుకున్నవాడి మీద గెలవడానికి లాయర్లకు ఫీజు కట్టే దేశం మనది. ఆ ఫీజూ మన పన్నే.

పోయిన నవంబరులో బాబాయిని బ్యాంకుకు తీసుకెళ్లాను. ఏటా ఆ నెలలో పెన్షనర్లు బతికే ఉన్నామని రుజువు చూపాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, సర్వీసు కాగితాల్లో ఇంకోలా ఉంది. అప్పుడెప్పుడో రికార్డు ఆఫీసులో ఎవరో విన్నట్టు రాసుకున్నారట. అది ఎలాగో సర్దుకుంది. తర్వాత వేలిముద్ర. యంత్రం ఒప్పుకోలేదు. తుడిచి పెట్టారు, తడిపి పెట్టారు, చూపుడువేలు, ఉంగరం వేలు. అయిదోసారికీ ఎర్రదీపమే. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే, అతన్ని అనను. "తాతగారూ, వేళ్లు అరిగిపోయాయండీ, ఏం పని చేసేవారు?" అని అడిగాడు.

నా ఎరుకలో ఆయన్ని ఆ మాట అడిగిన మొదటి మనిషి అతనే. బాబాయ్ చేతులు గాజు బల్ల మీద పరిచి, "మట్టి తడిమేవాణ్ణి బాబూ, రాత్రిళ్లు" అని మొదలుపెట్టాడు. వెనక వరసలోంచి ఎవరో అరిచారు, తొందరగా కానివ్వమని.