జోడేఘాట్‌ను 'తిరుగుబాటు' అన్నదెవరు?

ఆదిలాబాద్ చరిత్ర మీద ఏ పుస్తకం తెరిచినా ఒకటే మాట: 1940లో జోడేఘాట్‌లో 'గోండుల తిరుగుబాటు'. మనమూ అదే చదివినం, అదే పిల్లలకు చెబుతున్నం. సభల్లో మైకు పట్టుకుని గర్వంగా కూడా అంటున్నం. ఒక్కసారి ఆగి ఆలోచించండి. తిరుగుబాటు అంటే ఏమిటి? ఒప్పుకున్న ప్రభువు మీద ఎదురు తిరగడం. గోండులు నిజాంను ఎప్పుడు ప్రభువుగా ఒప్పుకున్నారు? ఏ కాగితం మీద వేలిముద్ర వేశారు?

అసఫ్‌జాహీలు ఈ దిక్కు మొహం చూడకముందే సిర్పూర్‌లో, చాందాలో గోండు రాజులు కోటలు కట్టి ఏలారు. చాందా రాజ్యాన్ని 1751లో నాగపూర్ భోంస్లేలు మింగారు. ఆ తర్వాత మరాఠాలూ నిజామూ వార్ధా, ప్రాణహిత ఒడ్లను తమలో తాము పంచుకున్నారు. ఆ పంపకంలో గోండును పిలిచి అడిగినోడు లేడు. కాబట్టి కొమురం భీం చేసింది తిరుగుబాటు కాదు, యుద్ధం. 'తిరుగుబాటు' అన్నది కాల్చిన వాళ్ల ఫైల్లోని మాట. పోలీసు రాసుకున్న పంచనామాను మనం చరిత్ర అనుకుని చదువుతున్నం.

ఈ రోగం మన ఒక్కరిదే కాదు. పద్నాలుగు వందల ఏళ్ల కింద యూరప్‌లో ఇదే జరిగింది. ఇప్పటి జర్మనీ తూర్పు దిక్కున ఎల్బ్, జాలే నదుల నడుమ సోర్బులు అనే స్లావ్ తెగ ఉండేది. వాళ్లకు పడమట ఫ్రాంకుల రాజ్యం. ఫ్రాంకులకు రాజు, సైన్యం, చర్చి, అన్నిటికంటే ముఖ్యంగా రాతగాళ్లు ఉన్నారు. సోర్బులకు లిపి లేదు. అందుకే ఆ కాలపు సోర్బుల గురించి మనకు తెలిసిందంతా వాళ్ల శత్రువు రాసిపెట్టిందే.

ఆ శత్రువు రాసిన దాంట్లోనే ఒక ముచ్చట ఉంది. 630 ప్రాంతంలో స్లావులంతా సామో అనే నాయకుడి కింద ఒక్కటయ్యారు. ఫ్రాంకుల రాజు డాగోబెర్ట్ ఒక రాయబారిని పంపాడు. దేవుని సేవకులమైన మేము కుక్కలతో స్నేహం ఎట్లా చేస్తాం అని ఆ రాయబారి నోరు పారేసుకున్నాడు. మేము కుక్కలమే అయితే, దేవుని మాట తప్పే సేవకులను కరిచే హక్కు మాకుంది అని సామో జవాబిచ్చాడట. తర్వాత వోగాస్టిస్‌బర్గ్ దగ్గర మూడు రోజులు పోరు నడిచింది. ఫ్రాంకులు డేరాలు, సామాన్లు వదిలేసి పారిపోయారు. అది చూసి, అప్పటిదాకా ఫ్రాంకుల కింద ఉన్న సోర్బుల నాయకుడు డెర్వాన్ తన జనంతో సామో పక్షాన చేరాడు. ఫ్రాంకుల రాతగాడు దీన్ని ఏమని ఉంటాడో చెప్పనక్కర లేదు కదా.

మళ్లీ నూటా డెబ్బై ఏళ్లకు చార్లెమేన్ చక్రవర్తి వచ్చాడు. 805లో స్లావులకు ఆయుధాలు అమ్మొద్దని సరిహద్దు వ్యాపారులకు హుకుం జారీ చేశాడు. 806లో కొడుకును సైన్యంతో సోర్బుల మీదికి పంపాడు. వాళ్ల నాయకుడు మిలిదుఖ్‌ను చంపి, రెండు నదుల ఒడ్డున రెండు కోటలు కట్టారు. సామో ముచ్చటకు దొరికిన చోటు మిలిదుఖ్‌కు దొరకలేదు. ఆయన ఎందుకు కొట్లాడాడో, ఏం అడిగాడో ఆ రాతల్లో లేదు. చచ్చిపోయాడన్నదే ఉంది. ఇంకో మాట. బానిసను ఇంగ్లిష్‌లో 'స్లేవ్' అంటారు; ఆ మాట పుట్టింది స్లావ్ అనే పేరు నుంచే. నవ్వొస్తున్నదా? మన పట్నాల్లో తెలివి తక్కువోడని చెప్పడానికి 'కోయోడు' అనే తిట్టు వాడతారు. ఎవరి పేరు అది?

ఇప్పుడు జోడేఘాట్‌కు రండి. గోండులు తరతరాలుగా దున్నుకుంటున్న చేన్ల మీద సర్కారు గీతలు గీసి రిజర్వు ఫారెస్టు అన్నది. గీతకు ఇవతల మిగిలిన భూమిని పట్వారీ కలంతో పైనుంచి వచ్చినోళ్ల పేర ఎక్కించారు. పశువులను మేపితే పన్ను, కట్టె కొడితే జంగ్లాతోళ్ల దెబ్బలు. భూమి నాదేనని వచ్చిన సిద్ధిఖీ అనేవాడు భీం దెబ్బకు చచ్చాడు. భీం బల్లార్షా మీదుగా అస్సాం తేయాకు తోటలకు పోయి, తిరిగి వచ్చి, బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేలను ఒక్కటి చేశాడు. జల్, జంగల్, జమీన్. అడిగింది అంతే. జవాబుగా తుపాకులొచ్చాయి. ఆయనను చంపిన తారీఖు మీద సర్కారు కాగితాలకూ గూడేల జ్ఞాపకానికీ ఇప్పటికీ పొత్తు కుదరదు. గూడెం మాత్రం ఏ క్యాలెండరూ చూడకుండా ఆశ్వయుజ పౌర్ణమి నాడే వర్ధంతి చేస్తుంది. నా మటుకు నేను గూడెం మాటే నమ్ముతా.

కాల్చిన తర్వాత సర్కారుకు కారణం తెలుసుకోవాలనిపించింది! హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ని పంపారు. ఆయన మార్లవాయిలో గోండుల నడుమ గుడిసె వేసుకుని ఉండి, గొడవకు మూలం భూమి అని తేల్చి చెప్పాడు. బడులు తెరిపించాడు, పట్టాలు ఇప్పించాడు. ఆయన మంచితనాన్ని నేను తక్కువ చేయను. గోండులే ఆయనను తమవాడనుకున్నారు. కానీ ఒకటి గమనించండి. జోడేఘాట్‌లో భీం చెప్పినప్పుడు అది నేరం. అదే మాట హైమన్‌డార్ఫ్ ఇంగ్లిష్‌లో చెప్పినప్పుడు నివేదిక.

గోండులకు రాసుకున్న చరిత్ర లేదు కదా, ఏం చేస్తాం అనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. సోర్బుల మాట వేరు. మనకు కిక్రి పట్టుకుని వంశాల కథలు, దేవతల కథలు పాడే ప్రధాన్‌లు ఉన్నారు. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో రాసిన చేతిరాత పుస్తకాలు బయటపడ్డాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. లిపి లేదన్న సాకు పోయింది. చదివే ఓపిక ఎవరికి ఉందన్నదే ప్రశ్న.

జోడేఘాట్ కథ నిజాంతో ముగిసిందనుకుంటే పొరపాటు. 1981 ఏప్రిల్ 20, ఇంద్రవెల్లి సంత రోజు. భూమి కోసం సభ పెట్టుకున్న గోండుల మీద కాల్పులు. ఈసారి కాల్పించింది రాజు కాదు, ఓట్లతో గెలిచిన సర్కారు. చనిపోయింది పదమూడు మంది అని ఫైల్లో ఉంది. గూడేల్లో అడిగితే అరవై నుంచి వంద దాటి చెబుతారు. శవాలను లెక్కపెట్టేదీ వాళ్లే, లెక్క రాసేదీ వాళ్లే. గుర్తుగా కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు. మరుసటి ఏడాది మళ్లీ కట్టారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే దండం పెట్టుకోను పోయేటోళ్లకు కూడా 144 సెక్షనే ఎదురొచ్చింది.

2014లో మన రాష్ట్రం వచ్చింది. భీం పేరు నినాదంగా చేసుకుని రోడ్లెక్కినోళ్లలో నేనూ ఒకణ్ని, కాబట్టి ఈ ప్రశ్న అడిగే హక్కు నాకుంది. జోడేఘాట్‌లో మ్యూజియం కట్టారు, సంతోషం. 2016లో జిల్లాకు ఆయన పేరు పెట్టారు, ఇంకా సంతోషం. 2023లో అదే ఆసిఫాబాద్‌లో సభ పెట్టి పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టారు, దాన్నీ కాదనను. కానీ 2022లో మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం కోయపోషగూడెంలో పోడు భూమి మీద నిలబడ్డ పన్నెండు మంది ఆడబిడ్డలను జైలుకు పంపింది ఎవరు? నిజామా?

ఇక్కడ సోర్బుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. వాళ్లు అంతరించిపోలేదు. జర్మనీలోని లుసాతియాలో ఇప్పటికీ తమ భాష మాట్లాడుతూ వేల మంది ఉన్నారు. వాళ్ల సంఘం డొమోవినాను 1937లో హిట్లర్ సర్కారు నిషేధించింది. ఫ్రాంకుల కత్తి, హిట్లర్ నిషేధం రెండింటినీ తట్టుకున్న ఆ జనాన్ని గత నూరేళ్లలో ఊళ్ల నుంచి లేపేసింది బొగ్గు. లిగ్నైట్ గనుల కోసం ఆ ప్రాంతంలో వందకు పైగా ఊళ్లు మొత్తంగానో కొంతగానో పోయాయి. రెబ్బెన, తిర్యాణి దిక్కు ఓపెన్‌కాస్ట్ గుంతలు చూసినోళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

మన దగ్గర బొగ్గుకు తోడు పులి కూడా వచ్చింది. 2025 మే 30న జీవో 49 తెచ్చారు. కవ్వాల్ నుంచి మహారాష్ట్ర తడోబా దాకా పులుల బాట కోసం ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1,500 చదరపు కిలోమీటర్లను కన్జర్వేషన్ రిజర్వు అన్నారు. పులి బతకొద్దని ఏ గోండూ అనడు. పులిని దేవుడిలెక్క మొక్కినోళ్లు వాళ్లు. ఆ రిజర్వుకు పెట్టిన పేరేమిటో తెలుసా? కొమురం భీం. అడవి మీద గీత గీయడాన్ని ఎదిరించి చచ్చినవాడి పేరును గీతకే పెట్టారు. మిలిదుఖ్‌ను చంపి కట్టిన కోటలకు మిలిదుఖ్ పేరు పెట్టాలని ఫ్రాంకులకు కూడా తోచినట్టు లేదు.

గూడేలు బంద్‌కు దిగితే జూలైలో ఆ జీవోను ఆపారు. ఆపిన కాగితంలో వాడిన మాట 'నిలుపుదల'. 'రద్దు' అని రాయలేదు.