మిర్చి డబ్బు, ర్యాంకు ఫీజు

ఇంటర్మీడియట్ విద్యామండలి కార్యదర్శి గారికి,

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు దించి కమీషన్ కొట్లో డబ్బు తీసుకున్న రైతుకు గుర్తొచ్చే బాకీల్లో పిల్లల కోచింగ్ ఫీజు ఒకటి. 2025 ఫిబ్రవరిలో ధర కుప్పకూలితే కేంద్రం మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. కోచింగ్ ఫీజులు మాత్రం ఏ సీజన్‌లోనూ దిగిరావు.

ఆ ఖర్చు గిట్టుబాటేనా? ఏపీ ఈఏపీసెట్ ఒక్కదానికే అయితే, చాలామందికి కాదు. ఇంజినీరింగ్ పేపరులో 160 ప్రశ్నలు, మూడు గంటలు. గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు రాస్తే కోత లేదు. అంతా ఇంటర్ సిలబస్సే, పైగా ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ. పిల్లలకు కావలసింది కొత్త పాఠం కాదు, నిమిషానికో ప్రశ్న తేల్చే సాధన. అందుకు రెండేళ్ల హాస్టల్ ఫీజు ఎందుకు?

జేఈఈ అడ్వాన్స్‌డ్, నీట్ సంగతి వేరు. అక్కడ మంచి లెక్చరర్ అవసరమే (హోర్డింగ్ మీది ఫొటోలు చూసి ఆయన్ని గుర్తుపట్టడం కష్టం).

పదహారేళ్లు నిండనివారిని కోచింగ్‌లో చేర్చుకోవద్దని, మధ్యలో మానేస్తే మిగిలిన కాలపు ఫీజు పది రోజుల్లో వాపసు ఇవ్వాలని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ప్రకాశం జిల్లా పల్లెల్లో ఈ మాట ఎందరి చెవిన పడింది?

ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో వారానికో మాక్ టెస్ట్ కంప్యూటర్ మీద పెట్టించండి. ఫీజు వాపసు నిబంధనను ప్రతి కోచింగ్ సెంటర్ గేటు దగ్గర తెలుగులో రాయించండి. వచ్చే అడ్మిషన్ల లోపే.