పేరుతో కాదు, నంబరుతో

ఇక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది, ముఖ్యంగా అమెరికాలో ఉన్నవాళ్ళు, పగలంతా కోడు రాసి రాత్రి కథలు చదివేవాళ్ళే అని నా అనుమానం. అందుకని ఈసారి షెల్ స్క్రిప్టుల గురించి ఓ మాట. కవిత్వం కోసం వచ్చినవాళ్ళు కాస్త ఓర్చుకోండి. ఇదీ చివరికి భాష గొడవే.

టెస్టు స్క్రిప్టు ఒక సర్వర్‌ని వెనకాల నడుపుతుంది, నాలుగు ప్రశ్నలు వేస్తుంది, జవాబులు సరిచూస్తుంది, పోయేముందు ఆ సర్వర్‌ని ఆపేస్తుంది. ఈ ఆఖరి పని దగ్గరే తంటా అంతా. చాలామంది పీఎస్ జాబితాలో గ్రెప్‌తో పేరు వెతికి, దొరికినదాన్ని చంపేస్తారు. అదే మెషీను మీద ఇంకొకరి టెస్టు అదే పేరుగల సర్వర్‌ని నడుపుతుంటే వాళ్ళదీ పోతుంది. ఒక్కోసారి గ్రెప్ తనను తానే పట్టుకుంటుంది. పైగా పీఎస్‌కి బీఎస్‌డీ ఆప్షన్లు వేరు, సిస్టమ్ ఫైవ్ ఆప్షన్లు వేరు. కిల్ఆల్ మరీ ఘోరం. లినక్స్‌లో అది చెప్పిన పేరున్నవాటినే చంపుతుంది. సొలారిస్‌లో అదే పేరుతో ఉన్న కమాండు నడుస్తున్నవాటన్నిటినీ ఆపేయడానికి పెట్టింది!

వెన్న చేతిలో పెట్టుకుని నేతి కోసం ఊరంతా తిరగడమంటే ఇదే. వెనక్కి పంపిన ప్రాసెస్ నంబరు ఆ క్షణంలోనే $! లో ఉంటుంది. 1979లో బెల్ ల్యాబ్స్ యూనిక్స్‌తో వచ్చిన బోర్న్ షెల్ నుంచీ ఉంది, పోజిక్స్ ప్రమాణంలోనూ ఉంది. ఇంకో పని వెనక్కి పంపగానే అది మారిపోతుంది కాబట్టి వెంటనే ఓ వేరియబుల్‌లో దాచుకోవాలి. బ్రాకెట్లలో పెట్టి నడిపితే ఆ నంబరు సబ్‌షెల్‌ది కావచ్చు, అసలు సర్వర్‌ది కాకపోవచ్చు. లోపల సర్వర్ ముందు ఎగ్జెక్ పెడితే ఆ బెడద ఉండదు. కిల్ తర్వాత వెయిట్ కూడా తప్పనిసరి. కిల్ కబురు మాత్రమే పంపుతుంది, సర్వర్ నిజంగా వెళ్ళిపోయిందని చెప్పేది వెయిట్. ఈ రెంటినీ ట్రాప్‌లో పెడితే టెస్టు మధ్యలో ఆగిపోయినా ఇల్లు శుభ్రంగానే ఉంటుంది.

“అందరి దగ్గరా బ్యాష్ ఉందిగా, ఈ మడి ఎందుకు?” అంటారు. ఉబుంటు 2006లోనే బిన్ ఎస్‌హెచ్‌ని డ్యాష్‌కి మార్చేసింది. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ ఇప్పటికీ 3.2 దగ్గరే ఉంది. ఏ పని ముందు ముగిస్తే దాన్ని పట్టుకునే “వెయిట్ -ఎన్” 2014 నాటి 4.3లో గానీ రాలేదు. అంటే “బ్యాష్ ఉంది” అన్న మాట కూడా సగం మాటే. నిజంగా ఆ సదుపాయం కావాలంటే వాడుకోండి, కానీ స్క్రిప్టు మొదట్లోనే వెర్షను సరిచూసి, లేకపోతే ఆ సంగతి చెప్పి ఆగిపోండి. మాండలికంలో రాయడం తప్పు కాదు. మాండలికంలో రాసి, ఇదే అందరి భాష అనడం తప్పు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఊరికే ఎర్రబడే టెస్టుని జనం రెండుసార్లు మళ్ళీ నడుపుతారు, మూడోసారి పట్టించుకోవడం మానేస్తారు. ఆ తర్వాత అసలు దోషం వచ్చి అదే ఎర్ర దీపం వెలిగించినా ఎవరూ తిరిగి చూడరు. టెస్టుకి ఉన్న ఆస్తల్లా నమ్మకమే. ఒక్క నంబరు దాచుకుంటే అది నిలబడుతుందంటే, చవక బేరమే కదా!